డాక్టరమ్మతో మాట: ఊక కుప్ప కింద నిప్పు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక వాక్యం రాశాను. నెలసరి ఆగిపోయాక ఒంట్లో పెరిగే కొవ్వు రొమ్ము క్యాన్సర్‌కు ఒక కారణమవుతుందని. వివరం ఇవ్వలేదు. ఆ ఒక్క వాక్యానికి ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో భయం ఉంది. రెండు మూడింటిలో సిరా చెదిరిపోయి ఉంది, ఎందుకో చెప్పనక్కర్లేదు. సగం చెప్పి వదిలేసిన తప్పు నాది. ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, టీచరుగా చేస్తున్నాను. ఎత్తు 5 అడుగులు, బరువు 74 కిలోలు. యాభయ్యో ఏట నెలసరి ఆగింది, ఆ తర్వాతే ఒళ్లు చేశాను. పోయిన ఏడాది ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. హార్మోన్ పాజిటివ్ అన్నారు, రోజూ లెట్రోజోల్ వేసుకుంటున్నాను. మా అమ్మాయి ఎక్కడో చదివి, “కొవ్వు వల్ల ఇన్‌ఫ్లమేషన్ వస్తుందట, దానివల్లే నీకిది వచ్చిందట” అంటోంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపే కదా డాక్టరుగారూ? నాకెప్పుడూ రొమ్ము వాయలేదు, ఎర్రబడలేదు, నొప్పి లేదు. మరి నేను తిన్న తిండే నాకు జబ్బు తెచ్చిందా? రాత్రుళ్లు ఇదే ఆలోచన.
– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు జవాబు చెబుతాను. మీ జబ్బు మీ తిండి వల్లే వచ్చిందని తేల్చగల పరీక్ష లోకంలో ఏదీ లేదు. మీ అమ్మాయి చెప్పలేదు, నేనూ చెప్పలేను. వయసు, రజస్వల అయిన వయసు, నెలసరి ఆగిన వయసు, కాన్పులు, ఇంటి వంశంలో ఉన్న జన్యువులు, మద్యం, బరువు... ఇలాంటివన్నీ కలిసి ఒక మనిషిలో ఎలా పనిచేశాయో విడదీసి చూడటం ఎవరి తరమూ కాదు. లక్షలమందిని కలిపి లెక్క కడితే మాత్రం బరువు పాత్ర కనపడుతుంది. ఎత్తును బట్టి బరువు ఎంతో చూసే లెక్కను బీఎంఐ అంటారు. అది 5 పెరిగిన కొద్దీ (మీ ఎత్తుకు పదకొండు పన్నెండు కిలోలు), నెలసరి ఆగిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 12 శాతం పెరుగుతుందని 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. పన్నెండు శాతం అనగానే వందలో పన్నెండుమందికి వస్తుందని అనుకోకండి. వెయ్యిమందిలో 30 మందికి వచ్చే చోట 33, 34 మందికి వస్తుందన్నమాట. తోసిపుచ్చే లెక్క కాదు. అలాగని మిమ్మల్ని దోషిగా నిలబెట్టే లెక్కా కాదు.

ఇక వాపు సంగతి. ఇన్‌ఫ్లమేషన్‌కు మన భాషలో సరిపోయే ఇంటిమాట దొరకదు. ‘వాపు’ అంటే కంటికి కనపడేది, ‘మంట’ అంటే ఒంటికి తెలిసేది. నేను చెప్పబోయేది కనపడదు, తెలియదు. మాది రామచంద్రపురం దగ్గర పల్లె. రైస్ మిల్లు వెనక కాలిన ఊక గుట్టలుగా పోసి ఉండేది. పైకి నల్లగా, చల్లగా, చచ్చిపోయినట్టే కనపడేది. మా చిన్నాన్న కొడుకు బంతి కోసం దాని మీదికి పరిగెత్తాడు. మోకాలి దాకా కూరుకుపోయాడు. లోపల నిప్పు. నెల రోజులు కాలికి కట్టుతోనే తిరిగాడు. కొవ్వులో ఇన్‌ఫ్లమేషన్ గురించి విద్యార్థులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ గుట్టే కళ్ల ముందు కదులుతుంది.

జరిగేది ఇదీ. మనం కొత్తగా దాచుకునే కొవ్వు చాలావరకు ఉన్న కొవ్వు కణాల్లోకే వెళ్తుంది. అవి ఉబ్బుతాయి. ఉబ్బిన కణానికి నెత్తురు, ప్రాణవాయువు సరిగా అందవు. కొన్ని చచ్చిపోతాయి. చచ్చిన పురుగు చుట్టూ చీమలు చేరినట్టు, ఆ కణం చుట్టూ మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు వలయం కడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కిరీటంలా కనపడుతుంది కాబట్టి కిరీటం పేరే పెట్టారు. న్యూయార్క్‌లో డాక్టర్ ఆండ్రూ డానెన్‌బర్గ్ బృందం 2011లో రొమ్ము ఆపరేషన్ అయిన 30 మంది ఆడవాళ్ల కొవ్వును ఇలా పరీక్షించింది. 14 మందిలో ఈ కిరీటాలు కనపడ్డాయి. బరువు ఎక్కువున్నవాళ్లలో ఎక్కువ. ఇవి సూక్ష్మదర్శినిలో కనపడేవే, పైకి వాపుగా తెలిసేవి కావు.

శుభ్రం చేయడానికి వచ్చిన ఆ తెల్లకణాలు ఊరుకోవు. పక్క కణాలను రెచ్చగొట్టే రసాయనాలను వదులుతూ ఉంటాయి. ఆ రెచ్చగొట్టడంలో పెరిగే వాటిలో ఒకటి ఆరోమటేజ్ అనే ఎంజైము. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారుచేయడం దాదాపు మానేస్తాయి. కానీ ఒంట్లో ఈస్ట్రోజన్ పూర్తిగా ఆగదు, కొవ్వులో తయారవుతూనే ఉంటుంది. మగ హార్మోన్లుగా మనం చెప్పుకునేవి ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి. వాటిని ఈస్ట్రోజన్‌గా మార్చేది ఈ ఆరోమటేజే. కొవ్వు పెరిగితే ఆరోమటేజ్ పెరుగుతుంది, కిరీటాలున్న చోట ఇంకా పెరుగుతుంది. అదీ ఎక్కడ? రొమ్ములోనే, పాల నాళాలకు ఆనుకుని. హార్మోన్ పాజిటివ్ గడ్డకు ఈస్ట్రోజనే మేత. దీనికి తోడు నెత్తుట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అవే వదిలే, మేలుచేసే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఈ మార్పులన్నీ కణాలను “పెరుగు, పెరుగు” అని తోసేవే.

ఇప్పుడు మీ మాత్ర డబ్బా చూడండి. లెట్రోజోల్ పని ఆ ఆరోమటేజ్‌ను ఆపడమే. అంటే మీ అమ్మాయి చదివి భయపడిన దారికి అడ్డంగా మీరు రోజూ ఒక గోడ కడుతున్నారు. కీళ్లు నొప్పులు పెడతాయి, తెలుసు. చాలామంది ఏడాది తిరక్కుండానే ఇంట్లో చెప్పకుండా మానేస్తారు. మీరు మానకండి. నొప్పి ఉంటే మీ డాక్టరుకు చెప్పండి, అదే తరగతిలో ఇంకో మందుకు మార్చవచ్చు. బరువు గురించి ఆలోచించే ముందు ఈ మాత్ర గురించి ఆలోచించండి.

ఒక సంగతి మీకు చెప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందట, మీ వయసామే, నా దగ్గర ఆపరేషన్ చేయించుకుంది. డిశ్చార్జి రోజున కోడలి ఎదురుగా, “ఇంత ఒళ్లు పెంచుకోకుండా ఉంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా” అన్నాను. మంచి చెబుతున్నాననే అనుకున్నాను. ఏడు నెలలు ఆమె మళ్లీ రాలేదు. వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. రెండు పూటలా తిండి మానేసి, మాత్రలూ మానేసింది. “నా తప్పుకు నేనే శిక్ష వేసుకుంటున్నానండి” అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే మీ అమ్మాయికి ఇది చూపించండి. ఆ పిల్లది ప్రేమే. కానీ ‘నీవల్లే’ అనే మాట పక్కన పెట్టి, సాయంత్రం మీతో కలిసి అరగంట నడవమనండి.

ప్రశ్న: నాకు 53. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 54 కిలోలే. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. చేతులూ కాళ్లూ సన్నగానే ఉంటాయి, పొట్ట మాత్రం కాస్త ఉంది. లావుగా ఉన్నవాళ్లకే కదా ఈ ముప్పు? నేను నిశ్చింతగా ఉండవచ్చా?
– పి.ఎస్., ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో ‘పొట్ట మాత్రం’ అన్నచోట ఆగాను. తూకం మనవాళ్ల విషయంలో తరచూ మోసం చేస్తుంది. పుణేలోని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే పెట్టి లాన్సెట్‌లో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మీ బీఎంఐ కూడా 22.5 దగ్గరే ఉంది, చూడండి. అమెరికాలో బీఎంఐ మామూలుగానే ఉన్న, నెలసరి ఆగిన 3,460 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో కొవ్వు శాతం బాగా ఎక్కువున్న పావువంతు మందికి, బాగా తక్కువున్న పావువంతుతో పోలిస్తే హార్మోన్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు. సన్నగా కనపడే ఒంట్లోనూ ఆ ఊక గుట్ట ఉండవచ్చు.

కాబట్టి తూకం పక్కన పెట్టి టేపు తీసుకోండి. జాకెట్టు కొలత తీసే టేపు చాలు. లంగా బొందు కట్టే చోట కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే ఎక్కువ కిందే లెక్క. దేశమంతటా జరిపిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. ఆడ, మగ కలిపి పెద్దవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువే.

షుగర్ అదుపులో పెట్టుకోవడం, రోజూ నడవడం మీకు రెండు విధాలా మేలు. దానికన్నా ముందు, ఒకసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అందుబాటులో ఉంటే చేయించుకోండి. లేదంటే, శిక్షణ పొందిన నర్సు చేతితో చేసే పరీక్షను తక్కువగా చూడకండి. ముంబైలో 1998 నుంచి ఇరవై ఏళ్లపాటు లక్షన్నర మంది ఆడవాళ్లతో నడిచిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి అలా చేతితో చూసినందుకే, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గాయి.

ప్రశ్న: మా ఆవిడకు 46 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతోంది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే క్యాన్సర్ తిరగబెట్టదని మా అబ్బాయి డాలస్ నుంచి కర్క్యుమిన్ (పసుపు సారం) క్యాప్సూల్స్ పంపాడు. మిరియాల సారం కూడా కలిపి ఉందట, బాగా ఒంటబడుతుందని. ఇక్కడ తెలిసినవాళ్లు రోజూ చిన్న ఆస్పిరిన్ వేస్తే మంచిదంటున్నారు. షుగర్ లేకపోయినా మెట్‌ఫార్మిన్ వేయవచ్చని ఇంకొకరు. ఏది వేయాలి?
– ఎం.వి.ఆర్., గుంటూరు

జవాబు: మూడూ వద్దండీ. మీ అబ్బాయి తాపత్రయం అర్థమైంది. అంత దూరంలో ఉన్న కొడుకు తల్లికి ఏదో ఒకటి చేయాలనుకుంటాడు. కానీ ఆ క్యాప్సూల్స్ ఈరోజే ఆపించండి. టామోక్సిఫెన్ మింగిన రూపంలోనే పూర్తిగా పనిచేయదు. కాలేయం దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారిస్తేనే బలం. నెదర్లాండ్స్‌లో టామోక్సిఫెన్ వాడుతున్న కొద్దిమంది స్త్రీలకు కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇచ్చి నెత్తురు పరీక్షిస్తే ఎండాక్సిఫెన్ తగ్గింది. మిరియాల సారం కలిపితే ఇంకాస్త తగ్గింది. చిన్న పరీక్షే, తగ్గుదల కూడా పెద్దది కాదు. అయినా ప్రాణం కాపాడే మందును పలచన చేసుకోవడం ఎందుకు? పప్పులో పసుపు, చారులో మిరియాలు మామూలుగా వేసుకోండి, వాటితో పేచీ లేదు.

ఆస్పిరిన్ మీద నాకూ ఒకప్పుడు ఆశ ఉండేది. నిప్పు ఉంటే నీళ్లు పోస్తే ఆరుతుంది కదా అన్నంత సూటిగా తోచేది. 3,020 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో సగంమందికి రోజూ 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2024లో ఫలితం వచ్చింది. తిరగబెట్టడం తగ్గలేదు. మెట్‌ఫార్మిన్‌దీ అదే కథ. షుగర్ లేని 3,649 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది, లాభం కనపడలేదు. షుగర్ ఉన్నవాళ్లు షుగర్ కోసం వాడుకోవడం వేరు సంగతి. ఒక మాత్ర వేసి ఆర్పేంత చిన్న వ్యవహారం కాదిది. ఆ కొవ్వు అక్కడ ఉన్నంతకాలం కొత్త కణాలు ఉబ్బుతూ, చస్తూ ఉంటాయి.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, బరువు 81 కిలోలు. లావుగా ఉన్న చిన్నవయసు వాళ్లకు రొమ్ము క్యాన్సర్ తక్కువని చదివాను. నిజమేనా?
– వరంగల్ నుంచి ఒక చెల్లెలు

జవాబు: చదివింది నిజమే తల్లీ. నెలసరి ఆగకముందు లెక్కలు తిరగబడి ఉంటాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ దాన్ని రక్షగా కట్టుకోవద్దు. ఇప్పటి 81 కిలోలు యాభై దాటాక కూడా మీతోనే వస్తాయి, అప్పుడు లెక్క ఇటు తిరుగుతుంది. పైగా పెద్ద రొమ్ములో చిన్న గడ్డ ఆలస్యంగా చేతికి తగులుతుంది. మన దేశంలో ముప్పైల్లో, నలభైల్లో ఈ జబ్బుతో వచ్చేవాళ్లు కొద్దిమంది కాదు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది మన హైదరాబాద్‌లోనే, లక్షమంది స్త్రీలకు ఏడాదికి 48. గడ్డ తగిలితే ‘నాకు రాదులే’ అనుకోకుండా ఆ వారమే చూపించుకోండి.

ప్రశ్న: కీమో అయి ఆరు నెలలు. 9 కిలోలు పెరిగాను. నీరసంగా ఉన్నానని అత్తగారు పొద్దున రాగిజావ, పదకొండింటికి మాల్ట్ పాలు, సాయంత్రం సున్నుండలు పెడుతున్నారు. వద్దంటే బాధపడతారు. చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేత్తో బిందె కూడా ఎత్తొద్దన్నారు. మరి బరువు ఎలా తగ్గేది?
– కె.ఎల్., నంద్యాల

జవాబు: అత్తగారికి నా తరఫున నమస్కారం చెప్పండి. కోడలిని అలా చూసుకునే ఇల్లు దొరకడం అదృష్టం. ఆవిడ వడ్డించే చేతిని ఆపకండి, వడ్డించేది మార్చమనండి. జావ మంచిదే కానీ పెద్ద గ్లాసుడు జావ అంటే గిన్నెడు అన్నమే. మాల్ట్ పాలు మానేయండి. ఆ చోట ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన సెనగలో, మజ్జిగో. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. సున్నుండలు పండక్కి.

కీమోలో బరువు పెరగడం మీ నోటి చాపల్యం కాదు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ ఆకలి పెంచుతుంది, నెలసరి ముందే ఆగిపోతుంది, మంచం మీద ఉన్న రోజుల్లో కండ కరిగిపోతుంది. కరిగిన కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. అందుకే నీరసమూ బరువూ రెండూ ఒకేసారి. ఆ నీరసానికి మందు తిండి కాదు, కండ.

చేయి సంగతి. గ్రంథులు తీసిన వైపు చేయి వాచే ముప్పు ఉంటుంది కాబట్టి, మేం చదువుకున్న రోజుల్లో మేమూ “బరువెత్తొద్దు” అనే చెప్పేవాళ్లం. 2009లో అమెరికాలో అలా చేయి వాపు ఉన్న 141 మందిలో సగంమందితో వారానికి రెండుసార్లు నెమ్మదిగా బరువులు ఎత్తించి చూశారు. వాపు పెరగలేదు సరికదా, వాపు ఉన్నట్టుండి ఎక్కువయ్యే సందర్భాలు తగ్గాయి. అంటే రేపే నిండు బిందె ఎత్తమని కాదు. ఫిజియోథెరపిస్టును కలవండి, అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టండి, కొద్దికొద్దిగా పెంచండి, చేయి వాస్తున్నట్టుంటే చేతికి బిగుతుగా పట్టే తొడుగు వేసుకోండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పూటకు పదిసార్లు. దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జబ్బు వచ్చాక బరువు తగ్గితే అది తిరగబెట్టదని నేను మాట ఇవ్వను. కానీ జబ్బు రానివాళ్లలో తగ్గినందుకు ఫలితం కనపడింది. యాభై దాటిన లక్షా ఎనభై వేలమంది వివరాలు కలిపి చూస్తే, నెలసరి ఆగాక వాడే ఈస్ట్రోజన్ లాంటి హార్మోన్ మాత్రలు వాడనివాళ్లలో రెండు నుంచి నాలుగున్నర కిలోలు తగ్గి, తగ్గిన బరువును నిలబెట్టుకున్నవాళ్లకు కూడా ముప్పు 18 శాతం తక్కువ. మీ అత్తగారిని కూడా మీతో నడిపించండి.

ప్రశ్న: నా భార్యకు 44. ఐదు వారాలుగా కుడి రొమ్ము ఎర్రగా, బరువుగా ఉంది. చర్మం నారింజ తొక్కలా అయింది. గడ్డ ఏమీ లేదు. మా ఊళ్లో రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు, తగ్గలేదు. కొవ్వు వల్ల వస్తుందంటున్న ఇన్‌ఫ్లమేషన్ ఇదేనా? బరువు తగ్గిస్తే పోతుందా?
– శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక సోదరుడు

జవాబు: ఇది అది కాదు బాబూ. ఇంతసేపూ నేను చెప్పింది కంటికి కనపడని నిప్పు గురించి. మీరు రాసినది కంటికి కనపడుతున్న ప్రమాదం. చర్మంలోని సన్నని నాళాలను క్యాన్సర్ కణాలు మూసేస్తే రొమ్ము ఇలాగే ఎర్రబడి వాస్తుంది, గడ్డ తగలకపోవచ్చు. అరుదైన రకమే కానీ వేగంగా ముదురుతుంది. చీము గడ్డ అనుకుని రోజులు పోగొట్టుకునేది ఇందులోనే. పాలిచ్చే తల్లి కాని స్త్రీకి రొమ్ము ఎర్రబడి, వారం పది రోజుల మందుతో పూర్తిగా తగ్గకపోతే, ఇంకో కోర్సు అడగకూడదు, చర్మం ముక్క తీసి బయాప్సీ చేయమని అడగాలి.

మీ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగలేదు. మీరు రాసిన నంబరుకు అందిన రోజునే ఫోన్ చేశాను. విశాఖలో నాకు తెలిసిన క్యాన్సర్ డాక్టరుగారు మంగళవారం పొద్దున చూస్తామన్నారు. పాత మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు రెండూ తీసుకెళ్లండి. మీ భార్యను పరగడుపున తీసుకెళ్లక్కర్లేదు, టిఫిన్ చేయించే బయల్దేరండి.